చుక్కల పలక

ముప్ఫై తొమ్మిదేళ్ల కిందట, సూర్యగ్రహణం పూర్తిగా విడవకముందే మాణిక్యాంబ ఒక దొండకాయ కోసింది. కోసిందో, కోద్దామని కత్తిపీట ముందు కూర్చుని లేచిపోయిందో ఇప్పుడు ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. అప్పుడావిడకి ఆరో నెల. తర్వాత పుట్టిన మగపిల్లవాడు బారసాల దాకా కూడా ఆగలేదు. పదకొండో రోజున పోయాడు.

"గ్రహణంలో కత్తిపీట ముట్టుకుంటే ఇంతే" అంది అమ్మమ్మ. మాణిక్యాంబని సొంత మేనమామకే ఇచ్చి చేశారు కాబట్టి ఆ అమ్మమ్మే అత్తగారు కూడా. ఆ మాటకి ఇంట్లో ఎదురు లేకపోయింది.

రెండేళ్లకి ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు ఆ ఊళ్లో గ్రహణాలేవీ కనబడలేదు. మాణిక్యాంబ తొమ్మిది నెలలూ కత్తిపీట వైపు కన్నెత్తి చూడలేదు. అయినా ఆ పిల్ల నలభై రోజులే ఉంది. సందేహం అప్పుడు పట్టుకుంది ఆవిడని. మొదటివాడు పోవడానికి దొండకాయ కారణమైతే, రెండోది ఎందుకు పోయింది? రెండోదానికి ఇంకేదో కారణం ఉంటే, మొదటివాడికి మాత్రం దొండకాయ ఎందుకయింది?

ఈ ప్రశ్న ఆవిడ మనుషులెవర్నీ అడగలేదు. ద్రాక్షారామం వెళ్లినప్పుడల్లా భీమేశ్వరుణ్ణి అడిగేది. ఆయన వినేవాడు. అంతవరకే.

మూడో కాన్పులో పుట్టిన ఇందుమతి నిలిచింది. నిలవడమే కాదు, చదువుకుంది, విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పెద్ద ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్ల కాలేజీకి వెళ్లడం మొదలెట్టాక ఇల్లు బోసిపోయినట్టు ఉంటే మాణిక్యాంబ పిల్లుల్ని పెంచడం మొదలెట్టింది. మామూలు పిల్లులు కావు. కోరంగి పిల్లులు.

కోరంగి పిల్లంటే ఇప్పుడు దేశమంతా తెలుసు. వాన పడబోయే ముందు సముద్రం రంగు బొచ్చు, తేనెరంగు కళ్లు, తోక చివర కుంచెతో అద్దినట్టు తెలుపు. పూర్వం ఓడల్లో ఎలుకల కోసం ఉంచుకున్న జాతి అంటారు. అది అంతరించిపోబోతుంటే జగపతిరాజుగారి తాతగారు వెతికి వెతికి ఆరు పిల్లుల్ని పట్టి, వాటితో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడున్న నాలుగు వందల చిల్లర కోరంగులూ ఆ ఆరింటి సంతానమే. వాటికొక సంఘం, దానికి అధ్యక్షుడు జగపతిరాజుగారు, సంఘానికొక వంశావళి పుస్తకం. బయటి పిల్లి కలవకూడదన్నది ఆ పుస్తకంలో మొదటి పేజీలో మొదటి నియమం. ఆ పుస్తకం రాసేది మాణిక్యాంబ భర్త భీమశంకరం. దస్తావేజు లేఖరిగా కాకినాడ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద నలభై ఏళ్లు కూర్చున్నవాడు. కంప్యూటర్లు ఎన్ని వచ్చినా రాజుగారికి వంశావళి మాత్రం ఆయన ముత్యాల్లాంటి అక్షరాల్లోనే ఉండాలి.

రామారావుపేటలో వాళ్ల ఇంటి పెరట్లో పద్నాలుగు కోరంగులున్నాయి. ఏకాదశికి ఇంట్లో ఉల్లిపాయ కూడా తగలనివ్వని మనుషులు. పెరటి రేకుల షెడ్డులో మాత్రం వేరే పొయ్యి, వేరే గిన్నెలు. తెల్లవారగానే మాణిక్యాంబ ముక్కుకి కొంగు చుట్టుకుని పిల్లుల కోసం చేపలు ఉడకబెట్టేది. తర్వాత తలస్నానం, తర్వాత మడిబట్ట, తర్వాత దేవుడు. భీమేశ్వరుడికి తన దగ్గర ఎప్పుడైనా చేపవాసన వచ్చిందేమో ఆవిడకి తెలియదు. వచ్చినా ఆయనేమీ అనలేదు.

ఆ చేపలు తెచ్చేది దుమ్ములపేట నూకరత్నం. ఎండనకా వాననకా గంప నెత్తిన పెట్టుకుని పెరటి గుమ్మంలో దిగేది. దిగగానే ఒకటే ప్రశ్న.

"ఆయ్, నా కూన ఏదండీ అమ్మగారూ?"

"పెరుగుతోందే."

"పద్దెనిమిదేళ్ల నించీ పెరుగుతోందంటే ఈపాటికి పులైపోయుంటదండి. జాగ్రత్త, అయ్యగారిని తినేస్తది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నూకరత్నం నవ్వు వీధి చివరకి వినబడేది. మాణిక్యాంబ నవ్వు గొంతులోనే ఆగిపోయేది. ఎందుకంటే ఆ కూన బాకీ నిజమైనదే.

కోరంగుల వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. జత కట్టించినందుకు మగపిల్లి గలవాళ్లు డబ్బు పుచ్చుకోరు. ఈతలో ఒక కూన వాళ్లది. మిగతా అందరికంటే ముందు వాళ్లు వచ్చి, తమకి నచ్చిన కూనని ఎత్తుకుపోతారు. దాన్ని జతకూన అంటారు. జతకూన ఇవ్వనివాళ్లతో సంఘంలో ఎవరూ మాట్లాడరు.

పద్దెనిమిదేళ్ల కిందట మాణిక్యాంబ దగ్గర ఉన్నది ఒకటే ఆడపిల్లి, వెండి. రాజుగారి మగపిల్లి నీలాంబరంతో మూడుసార్లు జత కట్టించారు. మూడు ఈతల్లో పదకొండు కూనలు. కొన్ని పుడుతూనే చచ్చిపోయాయి, కొన్ని వారం రోజులు పాలు తాగి పోయాయి. పదకొండింటినీ కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టింది తనే, తన చేత్తోనే. పారతో మట్టి తీసిన ప్రతిసారీ ఆవిడకి వేరే రెండు గుంటలు గుర్తొచ్చేవి.

నాలుగోసారి నీలాంబరం మెత్త మీద పడుకుని వెండిని చూడను కూడా చూడలేదు. అయినా జత కుదిరిందని రాజుగారి మనుషులు చీటీ రాసి పంపారు. ఆ సాయంత్రం పెరటి గోడ మీద నూకరత్నం పిల్లి కోటిగాడు కూర్చుని ఉన్నాడు. ఒక చెవి సగం లేదు. బూడిదరంగు, వీపు మీద చారలు, గంప వెనకాలే వీధులన్నీ తిరిగే రకం. వెండి గూట్లో తిరుగుతూ ఒకటే గోల పెడుతోంది. మాణిక్యాంబ చాలాసేపు గూటి ముందు నిలబడింది. తర్వాత గొళ్లెం తీసింది.

అది పొరపాటున ఊడిన గొళ్లెం కాదు. తీసిందే.

అయిదు కూనలు పుట్టాయి. అయిదూ బతికాయి. ఆనవాయితీ ప్రకారం రాజుగారు వచ్చి తన జతకూనని ఎత్తుకెళ్లారు. పుస్తకంలో "తండ్రి: నీలాంబరం" అని భీమశంకరం రాశాడు. మాణిక్యాంబ చూస్తూ ఊరుకుంది. గోడ దిగి వస్తున్న కోటిగాణ్ణి ఆ సాయంత్రం కళ్లారా చూసిన నూకరత్నం మాత్రం నవ్వి, "మరి నా కూన, అమ్మగారూ?" అంది. ఇస్తానంది మాణిక్యాంబ. కానీ దుమ్ములపేట వాకిట్లో కోరంగి కూన కనబడితే అది అక్కడికెలా వచ్చిందని సంఘం అడుగుతుంది. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంది. కోటిగాడు చచ్చిపోయాడు. బాకీ అలాగే ఉండిపోయింది.

ఆ అయిదింటి సంతానమే ఇప్పుడు ఊళ్లో బతికి బట్టకడుతున్న కోరంగులన్నీ. "మాణిక్యాంబగారి చేతి చలవ" అన్నారు. "నిష్ఠ గల ఇల్లు" అన్నారు. రాజుగారైతే మూడుసార్లు వెండిపతకం ఇచ్చి, నిష్ఠ అంటే ఏమిటో ఆవిడని చూసి నేర్చుకోమని సభలో చెప్పారు.

*

ఆ శనివారం ఇందుమతి విశాఖ నుంచి వచ్చింది. చేతిసంచీలో తువ్వాలు చుట్టి ఒక పలక తెచ్చింది. చిన్నపిల్లలు దిద్దుకునే పలకంత ఉంది, అంతే నల్లగా ఉంది. అంచున గోరుపట్టేంత గాడి.

"నాలుగేళ్ల పని అమ్మా ఇది" అంది. "రాజుగారి సంఘమే డబ్బిచ్చి చేయించింది. ముందు పెరట్లో చూద్దాం పద."

దూదిపుల్లతో పిల్లి బుగ్గ లోపల తుడవాలి. ఆ తడిని గాడిలో రాయాలి. అక్షింతలు వేసేంత సేపట్లో పలక చదివేస్తుంది. ప్రతి ప్రాణికీ తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా వస్తాయి. ఆ రెండు వాటాలూ ఎక్కడ తేడాగా ఉంటే అక్కడ పలక మీద ఒక చుక్క వెలుగుతుంది.

ముందు రాజుగారు పిల్లుల్ని పెంచే తోటలోంచి తెచ్చిన తడి రాసింది ఇందుమతి. మహేంద్రనీలం అని, ఈ ఏడు సంఘంలో మొదటి బహుమతి పిల్లి. పలక అలాగే నల్లగా ఉండిపోయింది. ఎక్కడో మూలన నాలుగు చుక్కలు.

"చార్జింగు లేదేమోనే" అంది మాణిక్యాంబ.

"నేనూ మొదట అలాగే అనుకున్నాను. బాగానే పనిచేస్తోందమ్మా. ఆ పిల్లే అంత."

గోడ మీద కూర్చున్న ఒక వీధిపిల్లిని ఉడికిన చేపముక్కతో పిలిచి, బుగ్గ తుడిచి రాసింది. పలక నిండిపోయింది. కార్తీకమాసంలో కరెంటు పోయిన రాత్రి డాబా ఎక్కి చూసినట్టు, ఖాళీ అన్నది లేకుండా చుక్కలే చుక్కలు. మాణిక్యాంబ చేతులు తమంతట తామే దణ్ణం పెట్టాయి.

"వీధిపిల్లికి దణ్ణమేమిటమ్మా?" అని నవ్వింది కూతురు.

"పిల్లికి కాదులే. ఇలా చేసినవాడికి."

తర్వాత శ్రావణం. రెండేళ్ల మగపిల్లి, మాణిక్యాంబకి పంచప్రాణాలు. పలక అక్కడక్కడ చీకటి, మధ్యలో పాలపుంతలాగ వెడల్పాటి చుక్కల పట్టీ. ఇందుమతి రెండోసారి రాసింది. అదే పట్టీ. ముత్యం అనే ఆడపిల్లికి పెట్టింది, దాని చెల్లెలికి పెట్టింది. అన్నిటిలోనూ ఆ పట్టీ ఎక్కడో ఒకచోట వెలుగుతూనే ఉంది.

"అమ్మా, ఇది చేతి చలవ కాదు. బయటి రక్తం. ఎక్కణ్ణుంచి వచ్చింది?"

మాణిక్యాంబ కాసేపు పిల్లిని నిమిరింది. "కోటిగాడు" అంది.

మొత్తం విని ఇందుమతి అరుగు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ హఠాత్తుగా ఆగి, "నాన్నకి తెలుసా?" అంది.

"తెలిస్తే రాస్తారా?"

పిల్లులు ఒకదాని తర్వాత ఒకటి నీడలోకి పోయి పడుకున్నాయి. మాణిక్యాంబ ఆ నల్లటి పలక వైపే చూస్తోంది.

"చుక్కలు లేకపోతే ఏమవుతుందే? చీకటిగా ఉంటే నష్టమేమిటి?"

ఇందుమతి గోడ మేకుకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి తీసింది. "ఈ ఇంటికి రెండు చెవులున్నాయి కదా, నీదొకటి, నాన్నదొకటి. నీది విరిగిపోయిందనుకో. నాన్నదాంతో తలుపు తీసుకుంటావు. అసలు రెండూ ఒకే విరిగిన చెవికి నకళ్లనుకో. అప్పుడు?"

"గుమ్మంలోనే ఉండిపోతాం."

"అంతే. కూనలు గుమ్మంలోనే ఉండిపోతున్నాయి."

మాణిక్యాంబ తాళంచెవులు కూతురి చేతిలోంచి తీసుకుని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత అడిగింది. "మనుషులకీ ఇంతేనా?"

ఇందుమతి పలకని పక్కన పెట్టింది. ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. చుక్కల ఆకాశమే. కానీ ఎవరో అక్కడక్కడ కత్తెరతో ముక్కలు కత్తిరించినట్టు నల్లటి ఖాళీలు.

"ఈ పలక మీద అందరికంటే ముందు పెట్టి చూసుకున్నది నాదేనమ్మా. మేనమామకీ మేనకోడలికీ పుట్టినవాళ్లకి ఆకాశంలో ఎనిమిదో వంతు దాకా ఇలా ఖాళీ ఉంటుంది. నా ఖాళీల్లో విరిగిన చెవి పడలేదు. అన్నయ్యకీ అక్కకీ పడి ఉండొచ్చు. ఖాయమని చెప్పలేను. వాళ్ల తడి మన దగ్గర లేదుగా. ఏడాదిగా చెబుదామనుకుంటున్నాను, నోరు రాలేదు."

"అయితే దొండకాయ కాదన్నమాట" అంది మాణిక్యాంబ.

"ఏ దొండకాయ?"

మాణిక్యాంబ తాళంచెవులు మళ్లీ మేకుకి తగిలించింది. లేచి స్నానం చేసి, దీపం పెట్టుకుని కూర్చుంది. ముప్ఫై ఏడేళ్ల నుంచి అడుగుతున్న ప్రశ్న ఆ రోజు అడగలేదు. "తెలిసి ఊరుకున్నావా, తండ్రీ? పోనీలే, చెప్పడానికి నా కూతురి చెయ్యే కావలసివచ్చిందా నీకు?" అని మాత్రం అంది. ఆవిడ దేవుడి మీద కోపం తెచ్చుకోవడం అదే మొదలు. కోపంలో కూడా వత్తి ఎగదోయడం మర్చిపోలేదు.

తాళంచెవుల మాట జరుగుతుండగా ఇల్లు చేరిన భీమశంకరం వరండాలో కూర్చుని తర్వాతదంతా విన్నాడు. వెలుగుండగానే భోజనం చేసే మనిషి, ఆ సాయంత్రం కంచం ముందుకి రాలేదు. కాఫీ పట్టుకెళ్తే తలెత్తకుండా అన్నాడు.

"మాణిక్యం, అక్కయ్య వద్దంది. బయటి సంబంధం చేద్దామంది. నేనే పట్టుబట్టి అడిగి చేసుకున్నాను నిన్ను."

"నేనూ ఒద్దనలేదుగా, మావయ్యా." పెళ్లై నలభై ఏళ్లయినా ఆవిడ ఆయన్ని మావయ్యా అనే పిలిచేది. "తెలియక చేశాం. తెలిసి చేయించిన తప్పు నాది ఇంకోటుంది."

కోటిగాడి సంగతి చెప్పింది. పిల్లల సంగతికి తల వంచుకున్నవాడు దీనికి తలెత్తాడు.

"నా చేత్తో దొంగ దస్తావేజు రాయించావా?"

"రాయించాను."

"నలభై ఏళ్లలో ఒక్కటి, ఒక్కటి రాయలేదే నేను!"

తర్వాత నాలుగు రోజులు ఆయన ఆవిడతో మాట్లాడలేదు.

*

అయిదో రోజున రాజుగారి ఉత్తరం వచ్చింది. ఆదివారం ఇందుమతి తీసుకెళ్లి చూపించిన నల్లటి పలక ఆయనకి తెగ నచ్చేసింది. చీకటి ఎంత చిక్కగా ఉంటే జాతి అంత స్వచ్ఛమని ఆయన తీర్మానించారు. వచ్చే పౌర్ణమికి సంఘం వార్షిక సభలో ప్రతి కోరంగినీ పలకకి పెడతారు. వంద చుక్కలు దాటినవాటికి అక్కడికక్కడే పిల్లలు పుట్టకుండా ఆపరేషను, పుస్తకంలో పేరు కొట్టివేత. డాక్టర్ల వ్యాను మాట్లాడేశారు.

సెలవు పెట్టి ఉండిపోయిన ఇందుమతి ఫోను చేసి మొత్తుకుంది. "రాజుగారూ, చీకటంటే స్వచ్ఛత కాదండి. చీకటంటే ఖాళీ. మీ మహేంద్రనీలానికి రెండేళ్లలో ఒక్క కూన బతికిందా?"

"పలక మీరు చేశారమ్మా. ఎలా చదవాలో సంఘం చెబుతుంది."

"తిప్పి చదువుతున్నారండి!"

"మా తాతగారి ఆరు పిల్లుల పేర్లు నాకు సహస్రనామంలా నోటికొచ్చు. మీరొచ్చి నాకు చదవడం నేర్పుతారా?"

ఫోను పెట్టేశాక ఇందుమతి తల్లి వైపు చూసింది. "వంద దాటేవన్నీ నీ పిల్లులూ, నీ దగ్గర తీసుకెళ్లినవాళ్ల పిల్లులే అమ్మా. డెబ్బై దాకా ఉంటాయి. అవి పోతే మిగిలినవి ఇంకో పది పదిహేనేళ్లు. తర్వాత కోరంగి అన్నది బొమ్మల్లోనే."

"శ్రావణాన్ని దాచేస్తే?"

"ఒక్కదాన్ని దాచి ఏం చేస్తావు? నువ్వు నిజం చెబితే తప్ప వాళ్లకి ఈ చుక్కలు ఎంత విలువైనవో తెలియదు."

నిజం చెబితే ఏమవుతుందో మాణిక్యాంబకి తెలుసు. పతకాలు పోతాయి, అవి పోతే పోయాయి. గుళ్లో పక్కన కూర్చునే వాళ్లు జరిగి కూర్చుంటారు. భర్త అక్షరం మీద మచ్చ పడుతుంది. అదీ ఆవిడని ఆపుతున్నది.

సభ రోజు పొద్దున్నే షెడ్డులో చేపలు ఉడుకుతుంటే భీమశంకరం పెరట్లోకి వచ్చాడు. ఎప్పుడూ ఆ షెడ్డు వైపు రాని మనిషి. ముక్కు మూసుకుని గుమ్మం దగ్గర నిలబడి, "కరివేపాకు చెట్టు కింద ఎన్ని ఉన్నాయన్నావు?" అని అడిగాడు.

"పదకొండు."

ఆయన తల పంకించి లోపలికి వెళ్లి, కలంలో సిరా నింపుకున్నాడు.

*

సముద్రం పాత రోడ్డుని మింగేశాక కట్టిన కొత్త కరకట్ట పక్కన సంఘం హాలు. బుట్టల్లో, పంజరాల్లో మూడు వందల కోరంగులు. వేదిక మీద జగపతిరాజుగారు, పట్టు కండువా, పక్కన పుస్తకం ముందు భీమశంకరం. బల్ల మీద పలక. దాన్ని పట్టుకోవలసినది ఇందుమతే.

ఒక్కొక్కటే పిలుస్తున్నారు. నల్ల పలక వచ్చినప్పుడల్లా చప్పట్లు. మహేంద్రనీలానికి నాలుగే చుక్కలని ప్రకటించినప్పుడు రాజుగారు లేచి నిలబడి కండువా సర్దుకున్నారు. ఆ పిల్లి మాత్రం కళ్లు తెరవడానికి కూడా ఓపిక లేనట్టు ఒళ్లో వేలాడుతోంది.

శ్రావణం వంతు వచ్చింది. పలక వెలిగింది. ఆ వెలుగు పైకప్పు దాకా పడింది. ముందు వరసలో ఒకావిడ, "అబ్బ, ఎంత బాగుందో" అని, అందరూ తన వైపు చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మూడు వందల పన్నెండు" అని చదివింది ఇందుమతి.

రాజుగారి మొహం వాడిపోయింది. "మాణిక్యాంబగారూ, మీ ఇంట్లోనా? ఏమిటిది?"

మాణిక్యాంబ బుట్ట చంకన పెట్టుకుని లేచింది. జీవితంలో ఆవిడ సభలో మాట్లాడింది లేదు. వ్రతకథ చదివేటప్పుడు తప్ప నలుగురి ముందు గొంతెత్తింది లేదు.

"కోటిగాడండి" అంది.

"ఎవరు?"

"దుమ్ములపేట నూకరత్నం పిల్లి. ఒక చెవి లేదు. పద్దెనిమిదేళ్ల కిందట నేనే గొళ్లెం తీసి మా వెండి దగ్గరికి పంపాను. మీ నీలాంబరం కాదు. మీ పుస్తకంలో ఉన్నది అబద్ధం. చెప్పింది నేను. రాసినాయనకి తెలియదు."

హాలు గొల్లుమంది. "వీధిపిల్లా!" "పతకాలు తీసేసుకోండి!" అని ఎవరో అరిచారు.

"తెచ్చానండి" అని ఆవిడ చేతిసంచీలోంచి మూడు పతకాలూ తీసి బల్ల మీద పెట్టింది. "రాజుగారూ, మీ పిల్లితో కట్టించిన జతలకి పదకొండు కూనల్ని పాతాను. ఆ వీధిపిల్లి ఇచ్చిన అయిదూ బతికాయి. అందులో ఒకదాన్ని జతకూనని మీరే ఎత్తుకెళ్లారు. మీ తోటలో ఈ రోజు బతికున్నవాటిలో సగం దాని సంతానమే. కావాలంటే పలక పెట్టించుకోండి. నేను అబద్ధమాడాను, ఒప్పుకుంటున్నాను. దానికి దేవుడు ఏం వేస్తే అది పడతాను. కానీ నా పిల్లుల మీద కత్తి పెట్టనివ్వను."

"నియమం మీకోసం మారదమ్మా."

"మార్చమని అడగడం లేదండి. ఒప్పుకోనంటున్నాను."

"జాతి శుద్ధి అంటే ఏమిటో తెలుసా మీకు?"

"తెలుసండి. నన్ను మా మేనమామకే ఇచ్చారు, బయటి రక్తం కలవకూడదని. ఇద్దర్ని మట్టిలో పెట్టాను. శుద్ధి గురించి నాకు మీరు చెప్పక్కర్లేదు."

అంతమందిలో ఆ మాట అంటానని ఆవిడే అనుకోలేదు. హాల్లో చాలామంది ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లు ఎవరిని తలచుకున్నారో వాళ్లకే తెలియాలి.

రాజుగారు ఒక్క క్షణం తడబడ్డారు. మళ్లీ గొంతు గట్టి చేసుకున్నారు. "భీమశంకరంగారూ, ఈవిడ పద్నాలుగు పిల్లుల పేర్లూ కొట్టెయ్యండి. వాటి సంతానం పేర్లు కూడా. డాక్టరుగారిని పిలవండి."

భీమశంకరం పుస్తకం తిరగేశాడు. పద్దెనిమిదేళ్ల వెనక్కి తిరగేయడానికి కాస్త సమయం పట్టింది. కలం మూత తీశాడు. ఒకే ఒక పేరు మీద గీత గీశాడు. ఆ గీత పక్కన రాస్తూ, రాస్తున్నదాన్ని రిజిస్ట్రారు ముందు దస్తావేజు చదివే పద్ధతిలో పైకి చదివాడు.

"తండ్రి నీలాంబరం అన్నది తప్పు. తండ్రి కోటిగాడు, దుమ్ములపేట. యజమాని నూకరత్నం. సదరు సవరణ నా స్వహస్తంతో చేశాను. భీమశంకరం."

"మిమ్మల్ని కొట్టెయ్యమన్నది..."

"తప్పు ఎక్కడుందో అక్కడే కొట్టేశానండి. ఈ చెయ్యి ఇంకోచోట కొట్టదు. వేరే చెయ్యి చూసుకోండి." కలం జేబుకి పెట్టుకుని వేదిక దిగి, మాణిక్యాంబ చేతిలోంచి బుట్ట అందుకున్నాడు. "పద మాణిక్యం, బరువుంటుంది నీకు."

ఇందుమతి పలకని రాజుగారి ముందు పెట్టింది. "ఇది సంఘానిది, ఉంచుకోండి. ఎలా చేయాలో మాత్రం నిన్ననే అందరికీ తెలిసేలా పెట్టేశాను. ఎవరైనా చేసుకోవచ్చు. చదవడం కూడా అందులోనే రాశాను, సరైన వైపు నుంచి."

గుమ్మం దగ్గర డాక్టరు వ్యాను నిలబడి ఉంది. లోపలి యువకుడు బుట్ట వైపు చూశాడు. మాణిక్యాంబ అతని కళ్లలోకి చూసింది. అతను పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

*

తర్వాతేం జరగాలో అదే జరిగింది. సంఘం వాళ్ల పేరు కొట్టేసింది, వేరే ఎవరో వంకర అక్షరాలతో. ఇందుమతి ప్రయోగశాలకి రాజుగారి డబ్బు ఆగిపోయింది. ఆమె జీతం సగమైంది. గుళ్లో ఇద్దరు ముగ్గురు జరిగి కూర్చున్నారు. అలాగే ఒకరోజు మిట్టమధ్యాహ్నం సంఘంలోని ఒక జంట ఆటోలో దిగి, తమ ఆడపిల్లికి శ్రావణాన్ని అడిగారు. వారం తిరక్కుండా ఇంకొకరు. పెరటి గుమ్మంలోంచి రమ్మంటారా అని అడిగితే, "వీధిలోంచే రండి" అంది మాణిక్యాంబ. భీమశంకరం కొత్త పుస్తకం కొని మొదటి పేజీ మొదటి వరసలో కోటిగాడి పేరు రాశాడు.

మోకాళ్ల నొప్పులొచ్చి నూకరత్నం గంప మానేసి మూడు నెలలైంది. చేపలు ఆమె కోడలు తెస్తోంది. ముత్యం ఈనిన కూనలకి రెండో నెల నిండగానే మాణిక్యాంబ నాలుగింటినీ బుట్టలో పెట్టుకుని, బుట్ట పిడికి పసుపు రాసి, ఆటో ఎక్కి దుమ్ములపేట వెళ్లింది. ఎన్నేళ్లుగానో ఆ మనిషి తన గుమ్మంలోకి వస్తోంది. తను ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

"ఆయ్! అమ్మగారే!" నూకరత్నం మంచం మీంచి లేవబోయింది. "ఇక్కడంతా చేపల వాసనండి, బయట కుర్చీ వేయిస్తాను."

"నా పెరట్లో లేని వాసనా? కూర్చోవే." మాణిక్యాంబ మంచం పట్టె మీద కూర్చుంది. కోడలు ఇచ్చిన నీళ్లు తాగింది. తాగుతుంటే నూకరత్నం కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

కొంచెంసేపయ్యాక నూకరత్నం గొంతు తగ్గించింది. "అమ్మగారూ, ఆ పలక మనుషులక్కూడా చెబుతదంటగా. మా మనవరాల్ని మా చిన్నోడికే ఇద్దామని అనుకుంటన్నాం. మేనమామ కదండీ, బయటోడైతే ఎలా చూసుకుంటాడో అని."

మాణిక్యాంబ గ్లాసు కింద పెట్టింది. "పలక తర్వాత చూద్దువుగాని. ముందు నా మాట విను." దొండకాయ దగ్గర్నుంచి మొదలెట్టి చెప్పింది. పదకొండు రోజుల వాడి సంగతి, నలభై రోజుల దాని సంగతి. అదంతా పరాయి మనిషికి చెప్పడం అదే మొదలు. చెబుతున్నంతసేపూ ఆవిడ ఏడవలేదు. వింటున్న నూకరత్నమే ముక్కు చీదింది. గుమ్మం అవతల కోడలు చేట పట్టుకుని నిలబడిపోయింది.

"మరి దేవుడు కలిపాడనుకున్నామండీ అందరం."

"దేవుడు ప్రపంచంలో ఇంతమందిని పుట్టించింది మనం నాలుగు గడపల మధ్యే తిరగడానికి కాదేమోనే. నాకూ సరిగ్గా తెలియదు. నాకు తెలిసింది నీకు చెప్పాను. ఇక నీ ఇష్టం."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "తాళ్లరేవు సంబంధం వాళ్లకి మళ్లీ కబురెట్టే" అంది.

అప్పుడు మాణిక్యాంబ బుట్ట మూత తీసింది. మూడు కూనలు వాన సముద్రం రంగులో, తోక చివర తెలుపుతో, ముద్దుగా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. నాలుగోదానికి తోక తెలుపు లేదు, వీపు మీద చారలు. అది అప్పటికే బుట్ట దూకి, మూలనున్న ఖాళీ గంపలోకి ఎక్కి పొలుసులు నాకుతోంది.

"మొదటి ఎంపిక నీది. నాలుగింటినీ ఇంకా ఎవరికీ చూపించలేదు" అంది మాణిక్యాంబ. "తీసుకో, జతకూన."

నూకరత్నం బుట్ట వైపు చూడనే లేదు. మంచం దిగి, మోకాళ్లు పట్టుకుని గంప దాకా నడిచి, చారల కూనని మెడ దగ్గర పట్టుకుని పైకెత్తి, దాని మొహంలోకి మొహం పెట్టి చూసింది.

"ఏరా కోటిగా, ఇంతసేపా రావడం?" అంది.